ఒంటిచక్రం, వెయ్యి చక్రాలు

ప్రొద్దుటూరునుంచి కాలేజీ కుర్రవాడొకడు ఉత్తరం వ్రాశాడు. ఒంటిచక్రం సైకిలు తొక్కడం మైదానంలో నేర్చుకున్నాడట. దానిమీద జమ్మలమడుగు దాకా పోవాలనీ, అది కుదిరితే పులివెందులకు కూడా పోవాలనీ అతని సరదా. "మా అమ్మ ససేమిరా వద్దంటున్నది. మీరైనా కాస్త చెప్పండి" అన్నాడు. చెప్పవలసింది అమ్మకో తనకో వ్రాయలేదు. అందుచేత ఇద్దరికీ చెబుతాను.

ముందు అమ్మగారికి. తల్లీ, ఇది సర్కసువాళ్ళ విద్య అని కొట్టిపారేయకండి. ఎడ్ ప్రాట్ అనే ఇంగ్లీషు యువకుడు 2015లో ఇంటినుంచి ఒంటిచక్రం మీద బయలుదేరి, ప్రపంచం చుట్టి 2018లో ఇల్లు చేరాడు. తొక్కిన దూరం దాదాపు 21,000 మైళ్ళు. కనుక మీ అబ్బాయి కోరిక పిచ్చికోరికేమీ కాదు. అయితే అబ్బాయీ, ఆ మాట విని అప్పుడే యెగిరి గంతెయ్యకు. ప్రాట్ తొక్కింది 36 అంగుళాల చక్రం. మైదానంలో నేర్చుకునేవాళ్ళ చేతికి వచ్చేది సాధారణంగా 20 అంగుళాలది. యీ రెంటికీ చాలా తేడా వుంది.

ఒంటిచక్రానికి చెయిను లేదు. పెడలు ఒకసారి తిరిగితే చక్రం కూడా ఒక్కసారే తిరుగుతుంది. అంటే 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకు అయిదడుగుల పైచిల్లర సాగుతుంది, అంతే. చురుగ్గా తొక్కినా గంటకు 8, 10 కిలోమీటర్లు. రెండు చక్రాల సైకిలు మీద కాళ్ళు ఆపి వూరికే కూర్చున్నా బండి సాగిపోతుంది. దీనిమీద ఆ సుఖం లేదు. చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగవలసిందే. మామూలు ఒంటిచక్రానికి బ్రేకు కూడా వుండదు. వేగం తగ్గించాలంటే పెడళ్ళను కాళ్ళతో వెనక్కు అదిమి పట్టాలి. పల్లంలో చక్రం జోరందుకుంటే కాళ్ళకు అందదు.

యిప్పుడు ఒక చిన్న లెక్క చూడు. నువ్వు గంటకు 10 కిలోమీటర్లు పోతున్నావు. వెనుకనుంచి లారీ 60 మీద వస్తున్నది. నూరు మీటర్ల వెనుక వున్న ఆ లారీ 7 సెకన్లలో నీ వీపు దగ్గర వుంటుంది. యీలోగా నువ్వు సాగేది 20 మీటర్లయినా వుండదు. డ్రైవరు నిన్ను చూసి, ఇదేమి వింత అని ఆశ్చర్యపోయి, కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపలే ఒకటి, ఒకటిన్నర సెకను గడిచిపోతుంది. ఆ వేగంలో సెకనుకు 16 మీటర్ల పైమాటే. సరుకు నిండిన లారీ తొక్కిన చోటనే ఆగదు గదా!

ఇక నువ్వు పోదామనుకున్న దారుల సంగతి. ప్రొద్దుటూరునుంచి జమ్మలమడుగు పోయేది జాతీయ రహదారి 67. బళ్ళారి వైపునుంచి కృష్ణపట్నం రేవుకు పోయే దారి అది. ఆ ప్రాంతమంతా సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ళ గనులు. లోడు లారీలకు కొదవ లేదు. రోడ్డు బాగుంటుంది, అందుకే వేగం కూడా బాగా వుంటుంది. ప్రొద్దుటూరు బజారులో భయం వేరే విధం. పుత్తడి అంగళ్ళు, బట్టల దుకాణాలు, దసరా రోజుల్లో అయితే ఇసుక వేస్తే రాలని జనం. అక్కడ వేగం వుండదుగాని, ఆటో యెప్పుడు యెటు తిరుగుతుందో నడిపేవాడికే తెలియదు. పులివెందుల వైపు అరటి, చీనీ తోటలు. తోటలోనుంచి ట్రాక్టరు ట్రాలీ ఒక్కసారిగా రోడ్డెక్కుతుంది. చీకటి పడితే దాని వెనుక ఎర్రదీపం వుంటే మన అదృష్టం.

రోడ్డు అంచు చూశావా? వాననీరు పోవడానికి నడుమ ఎత్తుగా, పక్కలకు వాలుగా వేస్తారు. రెండు చక్రాలవాడికి ఆ వాలు తెలియనే తెలియదు. ఒంటిచక్రం మాత్రం అటు లాగుతూనే వుంటుంది. దాన్ని సర్దుకోవడానికి వొళ్ళు ఒకవైపు వంచి తొక్కాలి. దానికి తోడు అంచున పెన్న ఇసుక రాలి వుంటుంది, ఆరబోసిన జొన్నలో వేరుసెనగలో వుంటాయి. గోలీకాయంత రాయి చాలు, చక్రం టక్కున ఆగి నిన్ను ముందుకు విసురుతుంది.

అయితే అసలు తొక్కనే కూడదా? తొక్కవచ్చు. ముందుగా మైదానంలోనే నాలుగు పరీక్షలు నెగ్గాలి. ఒకటి, గోడా స్తంభమూ పట్టుకోకుండా యెక్కగలగాలి. రెండు, జానెడు వెడల్పున గీత గీసి, నూరు గజాలు దాన్ని వదలకుండా పోగలగాలి. మూడు, తల తిప్పి వెనక్కు చూసినా చక్రం తిరగకూడదు. నేర్చుకునే వాళ్ళకు తల యెటు తిరిగితే చక్రమూ అటే తిరుగుతుంది, అసలు ప్రాణగండం అదే. నాలుగు, అనుకున్న చోట దిగగలగాలి. పడటం వేరు, దిగటం వేరు.

యీ నాలుగూ వచ్చాక తెల్లవారిన తరువాత, బండ్లు బయలుదేరకముందు, వూళ్ళోని వెడల్పాటి సందుల్లో సాధన చెయ్యి. నెత్తికి హెల్మెట్టు, మోకాళ్ళకు చిప్పలు, మణికట్టుకు కట్టు తప్పనిసరి. పడేటప్పుడు మనిషి చేతులే ముందు ఆనిస్తాడు, విరిగేది మణికట్టే. లుంగీ, వదులు పంచె పనికిరావు. బూటు తాడు పెడలుకు చుట్టుకుంటుంది, లోపలికి దోపుకో. చెవుల్లో పాటలు వద్దు, వెనుక వచ్చే బండిని ముందు చెప్పేది చెవే. ఎడమవైపే పో. నాలుగురోడ్ల కూడలి వచ్చిందా, దిగు. సైకిలువాడు కాలు ఆనించి నిలబడతాడు, నువ్వు నిలబడలేవు. కాని నీకొక వసతి వుంది. చక్రాన్ని చంకన పెట్టుకుంటే నువ్వు పాదచారివే! కుక్క వెంటబడినా, గొర్రెల మంద యెదురైనా, లారీ హారను వినపడినా అదే మంత్రం. దిగినందువల్ల పరువు పోదు.

ఒంటిచక్రానికి లైసెన్సు అక్కరలేదు, అది మోటారు బండి కాదు గనుక. లైసెన్సు లేకపోతే మాత్రం బాధ్యత లేకుండా పోదు. రోడ్డు మీద చక్రం పెట్టినవాడు అందరితోపాటు ఆ రోడ్డు కట్టుబాటుకు లోబడినవాడే.

యీ మాటలన్నీ కుర్రవాడికే చెప్పి వూరుకుంటే న్యాయం కాదు. 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారు. ఒంటిచక్రం తొక్కేవాడు వూరికొకడైనా వుండడు. కాని పాలక్యాను తగిలించుకుని పోయేవాడు, చేనికి పోయే రైతు, ఫ్యాక్టరీ డ్యూటీ దిగి చీకట్లో సైకిలు మీద ఇల్లు చేరే కూలీ ప్రతి వూళ్ళోనూ వున్నారు. కారువారికీ లారీవారికీ ఒక్క మనవి: దాటేటప్పుడు మనిషి పడితే ఎంత స్థలం పడుతుందో అంత స్థలం వదలండి. వదలడానికి చోటు లేకపోతే దాటకండి. వింతగా వుందని పక్కనే బండి నడుపుతూ సెల్‌ఫోనుతో ఫోటోలు తీయకండి. ఎవరైనా పడితే 108కి ఫోను చెయ్యండి. సాయం చేసినవాడిని కేసుల్లో ఇరికించకుండా 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో రక్షణ వుంది. కోర్టు భయంతో మొహం తిప్పుకోనక్కరలేదు.

ఇక నా తీర్పు. అబ్బాయీ, హైవే మీద జమ్మలమడుగు ప్రయాణం వద్దు. అమ్మ మాటే నా మాట. చక్రాన్ని వొళ్ళో పెట్టుకుని బస్సెక్కు. జమ్మలమడుగులో దిగి, తెలిసినవాళ్ళ వూళ్ళో మైదానం చూసుకుని, అక్కడి పిల్లలకు నేర్పు. పులివెందులకూ అట్లాగే పో. అమ్మా, మీరు కూడా ఒక ఆదివారం ఉదయం మైదానానికి వెళ్ళి, వాడు వెనక్కు చూస్తూ గీత తప్పకుండా తొక్కగలడేమో స్వయంగా చూడండి. తప్పకుండా తొక్కితే వీధిచివరిదాకా పోనివ్వండి. వీధి దాటే సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.