మరల మరల వచ్చు దినము

ఇటీవల మన విద్యార్థులలో ఒక తరహా కథలకు మిక్కిలి ఆదరణ కలుగుచున్నది. కథానాయకుడు ప్రమాదములోనో, పరుల కుట్రచేతనో మరణించును. కన్ను తెరచి చూచునప్పటికి కాలము ఎన్నియో యేండ్లు వెనుకకు మరలి, అతడు తన పాత తరగతి గదిలోనే కూర్చుండి యుండును. ఇట్టి కొరియా దేశపు కథలను మన పిల్లలు చేతి ఫోనులలో చదువుచున్నారు, చూచుచున్నారు. "చదువు మాని ఈ పిచ్చి కథలేమిటండీ?" అని కొందరు తల్లిదండ్రులు మాతో వాపోయినారు. ఈ కథలను నిషేధింపవలెనని మేము తలచుట లేదు. వాని అంతరార్థము నెరిగినచో, అవి మన యూరి పిల్లలకు ఒక మేలైన పాఠమే కాగలవని మా అభిప్రాయము.

ఈ కథలు ముఖ్యముగా రెండు విధములు. మొదటి విధమున ఒకే దినము మరల మరల తెల్లవారుచుండును. 2017లో వెలువడిన "ఎ డే" అను కొరియా చలనచిత్రములో ఒక వైద్యుడు తన కుమార్తె ప్రమాదములో మరణించు దినమునే పదే పదే అనుభవించును. ఎంత పరుగెత్తినను ఆమెను కాపాడలేడు. పూర్వము జరిగిన తప్పును ఒప్పుకొని, క్షమాపణ కోరినగాని ఆ చిక్కు వీడదు. 2021లో వచ్చిన తమిళ చిత్రము "మానాడు" కూడ ఈ కోవలోనిదే గనుక మన పాఠకులకు ఇది క్రొత్త గాదు. రెండవ విధమున నాయకుడు ఒక్క పర్యాయము మాత్రమే గతమునకు మరలును, కాని రాబోవునదంతయు అతనికి జ్ఞాపక ముండును. 2022లో ప్రసారమైన "రీబార్న్ రిచ్" అను ధారావాహికలో, ఒక ధనిక కుటుంబమునకు ఊడిగము చేసి, ప్రాణము గోల్పోయిన యుద్యోగి 1987లో ఆ కుటుంబమునకే మనుమడై మేల్కొనును.

ఆ దేశమున ఇట్టి కథలు ఇంతగా ఏల పుట్టుచున్నవి? అచట ప్రతి సంవత్సరము నవంబరులో జరుగు కళాశాల ప్రవేశ పరీక్ష ఒక్క దినముననే ముగియును. ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరుగు వేళ ఆకాశమున విమానముల రాకపోకలను సైతము నిలిపివేయుదురు. ఒక్క దినమునకు అంత బరువు మోపిన చోట, "ఆ దినము మరల వచ్చిన బాగుండును గదా!" అను కోరిక పుట్టుట సహజము. 1997లో ఆ దేశమును ఆర్థిక సంక్షోభము చుట్టుముట్టెను. ఎందరో ఉద్యోగములు పోగొట్టుకొనిరి. మరుసటి సంవత్సరము ప్రజలు తమ యిండ్లలోని బంగారమును దేశ ఋణము తీర్చుటకై తెచ్చి యిచ్చిరి. "ముందుగా తెలిసి యుండిన!" అను నిట్టూర్పు ఆ తరమువారి గుండెలో నిలిచి, నేడు కథారూపము ధరించినదని మాకు తోచుచున్నది.

అయినను ఈ ఊహ నేటిది గాదు. పదునేడవ శతాబ్దమున కిమ్ మన్‌జుంగ్ రచించిన "కువున్‌మోంగ్" అను కొరియా గ్రంథములో ఒక యువ సన్న్యాసి స్వప్నములో నిండు జీవితము ననుభవించి, మేల్కొని, భోగముల అసారత నెరుంగును. మనకు మాత్రము ఇట్టి కథలు లేవా? పట్టు వదలని విక్రమార్కుని కథ మరేమి? శవమును భుజమున వేసికొనుట, కథ వినుట, మౌనము వీడుట, శవము మరల చెట్టు నెక్కుట! మన ముందు తరములవారు చందమామలో చదివినదంతయు ఈ మరల మరల వచ్చు రాత్రియే. తుదకు కథాసరిత్సాగరములో ఆ చిక్కు ఎట్లు వీడినది? బదులు చెప్పజాలని ప్రశ్న యెదురై రాజు మౌనము వహించినప్పుడు. తనకు తెలియనిది కలదని గ్రహించిన నాడే అతనికి విముక్తి లభించెను.

ఈ కథలన్నింటిని ప్రక్క ప్రక్కన నుంచి చూచినచో ఒక సత్యము తేటపడును. కాలము వెనుకకు మరలుట గొప్ప గాదు. జ్ఞాపకముండుటయే గొప్ప. "రీబార్న్ రిచ్" నాయకునికి మొదట నున్న మూలధన మేది? జ్ఞాపకమే. అది లేనివాడు నూరు మారులు వెనుకకు పోయినను అదే తప్పు చేయును.

ఇక మన రాజపాళయము సంగతి చూతము. కొన్ని శతాబ్దముల క్రిందట మన పూర్వులు ఆంధ్ర దేశము విడిచి ఈ కొండల చెంతకు వచ్చిరి. నేటికిని పెక్కు ఇండ్లలో తెలుగు మాటలాడుచున్నారు. కాని చదువుట, వ్రాయుట వచ్చినవారు తక్కువ. అవ్వకు తెలిసిన పాట తల్లికి సగమే తెలియును. తల్లికి తెలిసిన సామెత బిడ్డకు తెలియదు. ప్రతి తరమును మొదటికే వచ్చి, గతము మరచి, మరల "అ ఆ"ల వద్ద నిలుచుచున్నది. ఇది జ్ఞాపకము లేని కాలచక్రము.

మన పరీక్షల సంగతియు నట్టిదే. 2006లో తమిళ భాషాభ్యసన చట్టము వచ్చినది. అది తరగతి వెంబడి తరగతిగా 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. తదాది భాషాల్పసంఖ్యాకులు మినహాయింపు కొరకు పలుమారులు న్యాయస్థానముల నాశ్రయించిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఇచ్చిన మినహాయింపు సైతము ఆ యొక్క సంవత్సరమునకే. తమిళము మనకు అన్నము పెట్టు భాష. దానిని శ్రద్ధతో నేర్వవలసినదే. కాని మాతృభాషకై ప్రతి యేడును మొదటి నుండి వేడుకొనుట తగదు. శాశ్వతమైన ఏర్పాటు కావలెనని మా మనవి.

విద్యార్థులారా! పరీక్ష తప్పినవారు కాలము వెనుకకు మరలుటకై ఎదురుచూడ నక్కరలేదు. అదే సంవత్సరమున మరల వ్రాయు అవకాశము కలదు. మొదటి మారు ఎచట పొరబడితిరో అది జ్ఞాపక ముంచుకొనినచో, మీరును ఆ కథానాయకులే. ఒక్క పరీక్షతో ముగియునంత చిన్నది గాదు జీవితము.

తల్లిదండ్రులారా! పిల్లల చేతి ఫోను లాగికొనుటకు ముందు "ఆ కథ యేమో చెప్పుము" అని తెలుగున అడుగుడు. వారు చెప్పినది తెలుగు లిపిలో వ్రాయింపుడు. ఇంటి అవ్వ నోట వారమున కొక సామెతయైనను విని, పిల్లలచే ఒక నోటు పుస్తకమున కెక్కింపుడు. నోటిమాట ఒక తరముతో పోవును. వ్రాసినది మరుతరమునకు చేరును. మన తరువాతివారు మొదటి నుండి గాక, మనము విడిచిన పుట నుండి ప్రారంభింతురు గాక!