వేసవి సెలవులును చిల్లపెంకులును

వేసవి సెలవులు వచ్చినంతనే మన విద్యార్థులలో కొందఱు చుట్టముల యిండ్లకును, కొందఱు కూలిపనికి బోవు తలిదండ్రుల వెంట బెంగుళూరునకును తరలుచున్నారు. పై తరగతుల వారిలో ఇద్దఱు ముగ్గురైనను ఒక్క వేసవి పురావస్తు త్రవ్వకములలో గడపిన మేలని నా యభిప్రాయము. “ఇన్నేండ్లు చదివించినది మట్టి త్రవ్వుటకా?” యని తల్లిదండ్రు లడుగవచ్చును. అడుగుట న్యాయమే. గడ్డపాఱ పట్టుట ఈ కఱవుసీమ బిడ్డలకు క్రొత్త విద్య గాదు. అయితే అచ్చట నేర్వవలసినది త్రవ్వుట గాదు, ఆగుట.

పుదుచ్చేరి చెంత అరికమేడను స్థలము గలదు. ఔగుస్తు కైసరు ముఖము చెక్కిన రత్నమొకటి అచ్చటి పిల్లల చేతులనుండి జూవో దుబ్రేయి పండితునికి జేరెను. అది యే పొరలో, ఏ వస్తువుల నడుమ నుండెనో చెప్పగలవారు లేరు. అందము మిగిలినది, సాక్ష్యము పోయినది. 1945లో మార్టిమర్ వీలర్ దొర అచ్చట త్రవ్వించినపుడు విద్యార్థులును శిక్షణ పొందుచు పనిచేసిరి. పొరపొరకును చీటీ గట్టి దాచినవానిలో పెక్కు చిల్లపెంకులే. కొన్నిటిపై ఇటలీలోని అరెజ్జో పట్టణపు కుమ్మరుల ముద్రలుండెను. ఆ యెఱ్ఱని పాత్రల కాలము రోమా చరిత్రవలన దెలిసినదే గనుక, వానితోబాటు దొరకిన గీట్ల పళ్ళెములకును కాలము నిర్ణయింప గలిగిరి.

ఇది మనకేల యందురా? 1947లో ఆ దొరయే మన కంబదూరునకు వాయవ్యమున, మొళకాల్మూరు తాలూకాలో, అశోకుని శాసనము గల బ్రహ్మగిరియందు త్రవ్వించెను. అచ్చటను ఆ గీట్ల పెంకులే వెడలినవి! వానివలన, వ్రాత విడువక రాక్షసగుళ్ళు మాత్రము విడిచిపోయిన జనులకును కాలము చెప్ప వీలాయెను. చిత్రదుర్గము చెంత చంద్రవళ్లిలో తిబెరి కైసరు వెండినాణెము దొరకెను. ఆదివారపు బడిలో లూకా సువార్తయందు మనము చదివిన తిబెరియే యితడు.

పిదప 1989 మొదలు 1992 వఱకు విమలా బెగ్లీగారు అరికమేడును మరల త్రవ్వి, దాని చరిత్ర వీలర్ దొర తలచినదానికంటె వెనుకకు బోవునని చూపిరి. మొదటివారు పొరల లెక్క వ్రాసియుంచుటచేతనే వారి పొరపాటును దిద్దుట సాధ్యమాయెను. దిద్దుకొన వీలగునట్లు పనిచేయుట యన నేమో మన పరీక్షలు నేర్పుట లేదు.

కంబదూరి మల్లికార్జునాలయము కంటికి గనబడును గనుక దానికి దండము పెట్టుదురు. కల్యాణదుర్గము చెంత ముదిగల్లు రాతిగూళ్ళ వంటివానికి ఆ భాగ్యము లేదు. నిధి యున్నదని పెకలించువారొకరు, బండలకై పగులగొట్టువారొకరు. భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు దెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. చిల్లపెంకున కా విలువ యెక్కడిది? దానిని కాచువాడు దాని గుఱుతెఱిగినవాడే.

కావున త్రవ్వకములు జరుగుచోటికి మన వారిని పంపుటకై పాఠశాలవారు పురావస్తుశాఖకు ముందుగనే వ్రాయవలెను. అనుమతి వచ్చులోపల బ్రహ్మగిరికి ఒకదినపు యాత్రయైన చేయవచ్చును. ఒక్కటే షరతు: తిరిగి వచ్చునపుడు ఎవరి సంచిలోను ఒక్క పెంకైనను ఉండరాదు.