పైపు రాలేని ఊరికీ గ్యాసు రావాలి

పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు,

నంద్యాల జిల్లా సున్నిపెంట నుంచి రాస్తున్నాను. శ్రీశైలం డ్యాము పనికి వచ్చినవాళ్ల కోసం నల్లమలలో వెలిసిన ప్రాజెక్టు కాలనీ మాది. ఇక్కడి కుడిగట్టు జలవిద్యుత్ కేంద్రం 770 మెగావాట్లది. కరెంటు మా పక్కనే పుడుతుంది. పొయ్యి మాత్రం ఘాట్ రోడ్డెక్కి వచ్చే సిలిండర్ లారీ కోసం ఎదురుచూస్తుంది. ఆ లారీ మోసే బరువులో సగానికి పైగా ఇనుమే.

దేశం వాడే ఎల్పీజీలో సుమారు 60 శాతం, సహజవాయువులో దాదాపు సగం బయటి దేశాల నుంచి వచ్చేదే. ఖతార్ ఓడ హోర్ముజ్ జలసంధి దాటితేనే మనకు చేరుతుంది. మన సముద్రంలోనూ గ్యాసు ఉంది. 2009 ఏప్రిల్‌లో మొదలైన కృష్ణా-గోదావరి బేసిన్ కేజీ డీ-6 క్షేత్రం గ్యాసు తూర్పు తీరంలోని గాడిమొగ దగ్గర ఒడ్డుకెక్కి, సుమారు 1,400 కిలోమీటర్ల పైపులో గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లింది. ఆ పైపు రాయలసీమను తాకలేదు. కొద్ది కాలానికే ఉత్పత్తి పడిపోయి, దాన్ని నమ్ముకున్న గోదావరి తీరపు విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి.

ఉన్న కాస్త దేశీయ గ్యాసునూ ముందుగా ఇళ్లకు, సీఎన్జీ వాహనాలకు ఇవ్వాలన్న కేంద్రం నిర్ణయం సరైనదే. అయితే ఆ ఇళ్ల జాబితాలోకి మేమెప్పుడు చేరతాం? మీరు జిల్లాలను ఒక్కో ప్రాంతంగా వేలం వేసి, ఇన్ని కనెక్షన్లు, ఇన్ని బంకులు అని కంపెనీకి లక్ష్యం పెడతారు. మైదానంలోని పట్టణాలతోనే ఆ అంకె నిండిపోతే, అడవి మధ్య మండలం మిగిలిపోయిన సంగతి అందులో కనబడదు.

మా చుట్టూ ఉన్న పులుల అభయారణ్యాన్ని తవ్వి పైపు వేయమని అడగను. అడవి పోగొట్టుకుని వచ్చే గ్యాసు మాకొద్దు. మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చిన గ్యాసు సుమారు ఆరువందో వంతుకు కుదించుకుపోతుంది. దాన్ని ట్యాంకరులో తెచ్చి, చిన్న స్టేషన్‌లో తిరిగి వాయువుగా మార్చి, కాలనీ వీధుల వరకే పైపులు వేయవచ్చు. పైపులైను చేరని చోట్ల దేశంలో ఇప్పటికే ఇలా ఇస్తున్నారు. గిట్టుబాటు కాదంటారేమో! పక్కనే శ్రీశైలంలో దేవస్థానం అన్నదానం, సత్రాలు, హోటళ్లు ఉన్నాయి. శివరాత్రికి, ఉగాదికి వచ్చే జనం సంగతి చెప్పనక్కర్లేదు. ఏడాది పొడవునా ఆరని పొయ్యిలున్న చోట గిరాకీ లేదనడం కుదరదు. అడవి లోపలి చెంచు గూడేలకు మాత్రం సిలిండరే సరైన దారి, అది వేళకు అందాలి.

భద్రత విషయంలో రాజీ వద్దు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు పైపు లీకై ఇరవై మందికి పైగా చనిపోయారు.

కనెక్షన్ల లెక్కను మండలాల వారీగా ప్రజల ముందు పెట్టించండి. దేవస్థానాన్ని, అటవీ శాఖను, మా జిల్లా గ్యాసు కంపెనీని ఒకచోట కూర్చోబెట్టి శ్రీశైలం మండలానికి గ్యాసు ఎలా ఇస్తారో, ఎప్పటికి ఇస్తారో తేల్చి చెప్పించండి.

ఇట్లు,
సున్నిపెంట వాసి