గ్రంథాలయమూ, తెరా, మన అభ్యుదయవాదులూ

వేసవి సెలవుల్లో పిల్లలకోసం గ్రంథాలయాల్లో జరిపే శిబిరాలలో సినిమాలు చూపించటం, కంప్యూటర్లు పెట్టటం తగునా అని మన ఉపాధ్యాయ మిత్రులలో చర్చ వొకటి సాగుతున్నది. తగదనే వారిలో నేను గౌరవించే అభ్యుదయవాదులు కూడా వున్నారు. “పిల్లవాడు ఇంట్లో పొద్దస్తమానం తెరకు కళ్లప్పగించి కూర్చుంటున్నాడు. గ్రంథాలయమైనా వాణ్ణి ఆ తెర నుంచి కాపాడవద్దా?” అని వారి ప్రశ్న. వినటానికి ఈ మాట ప్రజాపక్షంగానే వుంటుంది. కాని ఇందులో మౌలికమైన పొరపాటు వొకటి వుందని నా అభిప్రాయం.

ఆ పొరపాటు వస్తువును చూసి దాని వెనక వున్న సంబంధాన్ని చూడకపోవటం. సెల్‌ఫోనులోని తెరా, గ్రంథాలయంలోని తెరా వొకటి కావు. ఫోనులో పిల్లవాడు ఏం చూడాలో నిర్ణయించేది ప్రకటనలమ్ముకుని లాభాలు గడించే కంపెనీ. వాడు ఒంటరిగా చూస్తాడు. చూస్తున్నది ముగియకముందే ఇంకొకటి వచ్చి మీద పడుతుంది. దాన్ని గురించి ఆలోచించటానికి గాని, పక్కవాడితో మాట్లాడటానికి గాని వ్యవధి దొరకదు. దొరికితే కంపెనీకి నష్టం. గ్రంథాలయంలో సినిమాను ఎంపిక చేసేది ప్రజల పన్నుతో జీతం తీసుకునే గ్రంథపాలకుడు. పదిమందీ కలిసి చూస్తారు. దీపాలు వెలిగాక వాదించుకుంటారు. ఆ విషయం మీదనే పుస్తకాలు పక్క బీరువాలో వుంటాయి. టిక్కెట్టు లేదు. యంత్రం వొకటే గాని, దానికీ మనిషికీ వున్న సంబంధం వేరు. యంత్రాలు పగలగొట్టి యజమానుల్ని వదిలివేసిన తొలినాటి కార్మికులను మనం పాఠంలో విమర్శిస్తాం. గ్రంథాలయం గడప దగ్గరకు వచ్చేసరికి మనమే ఆ పని చేస్తున్నాం.

ఈ వాదానికి చరిత్ర బలం కూడా లేదు. 1910లో బరోడా సంస్థానాధీశుడు సయాజీరావు అమెరికా నుంచి బోర్డెన్ అనే గ్రంథాలయవేత్తను రప్పించి, పల్లెలదాకా ఉచిత గ్రంథాలయాలు నెలకొల్పాడు. ఆ గ్రంథాలయ శాఖలోనే దృశ్యబోధనకు ప్రత్యేక విభాగం వుండేది. మ్యాజిక్ లాంతర్లూ, సినిమా యంత్రాలూ పల్లెలకు తీసుకుపోయి ఉచితంగా చూపేవారు. మన దేశంలో ప్రజా గ్రంథాలయ వ్యవస్థకు పునాది పడిన నాడే దానిలో సినిమాకు చోటు దొరికింది. మన గ్రంథాలయోద్యమం మాత్రం గోడల మధ్య కూర్చున్నదా? 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం కేంద్రంగా పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట వూళ్లకు పంపారు. పడవ ఎక్కిన పుస్తకానికి పవిత్రత పోలేదు. గ్రంథాలయం పెరిగే ప్రాణి అని 1931లో రంగనాథన్ రాసిన సూత్రం మనవాళ్లకు కంఠతా వచ్చు. పెరుగుతానంటే మాత్రం వొప్పుకోరు.

1913లో లెనిన్ న్యూయార్కు ప్రజా గ్రంథాలయం గురించి వొక చిన్న వ్యాసం రాశాడు. అపురూపమైన పాత ముద్రణలూ, రాతప్రతులూ ఎన్ని వున్నాయో చెప్పుకుని మురిసిపోయే గ్రంథాలయాలను ఎత్తిపొడిచి, పుస్తకాలు ఎంతమంది చేతుల్లో తిరుగుతున్నాయి, పిల్లలు ఎందరు వస్తున్నారు అన్నదే గీటురాయి అన్నాడు. పెట్టుబడిదారీ దేశంలోని సంస్థ గనుక ముట్టుకోరాదని ఆయన అనలేదు.

పుస్తకం స్వతహాగా అభ్యుదయకరమైనదనే నమ్మకం కూడా మనం వదులుకోవాలి. మన శాఖా గ్రంథాలయాల బీరువాల్లో వాస్తు పుస్తకాలున్నాయి, జాతకాలున్నాయి, పేదవాడు తన పేదరికానికి తన మనస్తత్వమే కారణమని నమ్మేటట్టు చేసే వ్యక్తిత్వ వికాస గ్రంథాలున్నాయి. అవి అచ్చులో వున్నంతమాత్రాన ఎవరినీ ఉద్ధరించవు. తెర మీదికి రాగలవేమిటో చూడండి: గూడవల్లి రామబ్రహ్మం 1938లో “మాలపిల్ల”, 1939లో జమీందారీ వ్యవస్థను ఎదిరిస్తూ “రైతుబిడ్డ” తీశాడు. 1955లో తాపీ చాణక్య “రోజులు మారాయి” తీశాడు. తెలుగు సినిమా అంటే కథానాయకుడు గాలిలో ఎగిరి నలుగురిని పడగొట్టటమే అనుకుంటున్న పిల్లవాడికి, ఇదే భాషలో రైతునూ అస్పృశ్యతనూ గురించి సినిమాలు వచ్చాయని ఎవరు చెబుతారు? చట్టం అడ్డం వస్తుందనే వారికి వొక మాట. మన కాపీరైటు చట్టం ప్రకారం చిత్రం మీద హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు 60 సంవత్సరాలు. పై చిత్రాల మీద నిర్మాతల హక్కు తీరిపోయింది.

నేనెరిగిన వొక శాఖా గ్రంథాలయంలో 1955 నాటి “కన్యాశుల్కం” సినిమా చూపించారు. మర్నాడు తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు వచ్చి గురజాడ నాటకం కావాలన్నారు. తెర మీది గిరీశాన్నీ మధురవాణినీ పుస్తకంలోని వారితో పోల్చి చూడాలని వారి పట్టుదల. సినిమా పుస్తకాన్ని చంపుతుందనేవారు ఇది గమనించాలి. ఇంతకంటే గమనించవలసింది ఇంకొకటి వుంది: ఆ గ్రంథాలయంలో నాటకం ప్రతి వొకటే వుంది, దానికి మొదటి పుటలు లేవు. పిల్లల చదువుకు అడ్డం వచ్చింది తెర కాదు, కొత్త ప్రతి కొనటానికి డబ్బు లేకపోవటం.

ఇక్కడే మనం రెండవ పక్షాన్ని ఎదుర్కోవాలి. వారు తెరకు విరోధులు కారు, తెరకు భక్తులు. నాలుగు కంప్యూటర్లు తెచ్చిపెట్టి, రిబ్బను కత్తిరించి, ఫొటో తీయించుకుని, “ఇక అంతా డిజిటల్, పుస్తకాలు కొనవలసిన పని లేదు” అంటారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ప్రజల దగ్గర వసూలవుతున్నది. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ కట్టకుండా ఏళ్ల తరబడి బకాయి పెట్టటం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పాత కథ. గ్రంథపాలకుల ఖాళీలు నిండవు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులు కుర్చీల కోసం తెల్లవారకముందే వచ్చి నిలబడతారు. వారిని నేను తప్పుపట్టను. ఉద్యోగం లేనివాడికి కుర్చీ, పంకా ఇచ్చే చోటు అదొక్కటే. కాని కుర్చీ తప్ప మరేమీ ఇవ్వలేని గ్రంథాలయాన్ని డిజిటల్ అన్న మాట కాపాడలేదు.

పైగా కంపెనీ నుంచి తెచ్చుకున్న ఎలక్ట్రానిక్ పుస్తకం మనది కాదు. చదవటానికి అనుమతి మాత్రమే మనది. 2009లో అమెజాన్ కంపెనీ, హక్కుల తగాదా వచ్చిందని, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న పుస్తకాన్ని వారి కిండిల్ యంత్రాల నుంచి రాత్రికి రాత్రే చెరిపివేసింది. ఆ పుస్తకం ఆర్వెల్ “1984” కావటం చూసి మనలో కొందరికి నవ్వు రావచ్చు. రేపు చెరిపేది మనం ప్రాణప్రదంగా చూసుకునే పుస్తకమైతే? బీరువాలో వున్న ప్రతిని చెరపాలంటే మనిషి రావాలి, మనం అడ్డం నిలబడవచ్చు. కనుక యంత్రం రావాలి, యాజమాన్యం మాత్రం గ్రంథాలయానిదే కావాలి. 2012 సవరణ తర్వాత, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచటానికి ఎలక్ట్రానిక్ ప్రతి చేసుకోవచ్చునని చట్టమే చెబుతున్నది. వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్ల పాత పత్రికలు ఎంత సంపదో పరిశోధక విద్యార్థులకు తెలుసు. కంప్యూటరుకు ఆ పని చెప్పండి. చెదలు పట్టే కాగితాన్ని అది కాపాడనీయండి.

మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. పన్ను బకాయిలు పూర్తిగా చెల్లించాలి. సినిమాలకూ, కంప్యూటర్లకూ అయ్యే ఖర్చు పుస్తకాల పద్దు నుంచి వొక్క పైసా తీయరాదు. వేసవి చిత్రాలను ఎంపిక చేసే సంఘంలో ఉపాధ్యాయులూ విద్యార్థులూ వుండాలి. చర్చ లేకుండా ఏ చిత్రమూ ముగియరాదు. ఆ విషయం మీద పుస్తకాలు ఆ రోజే బల్ల మీద వుండాలి. గ్రంథపాలకుల ఖాళీలు నింపాలి.

వేసవిలో డబ్బున్నవాడి బిడ్డకు ఈత వుంది, సంగీతం వుంది, ఫీజు పుచ్చుకునే శిబిరాలున్నాయి. బడి మూసిన రెండు నెలలూ కూలివాడి బిడ్డకు మిగిలేది తండ్రి ఫోనూ, వూళ్లోని గ్రంథాలయమూ. ఆ గ్రంథాలయంలో తెర వుండరాదని మనం తీర్మానించినందువల్ల ఆ బిడ్డ పుస్తకం పట్టుకోడు. ఫోను దగ్గరకే పోతాడు, కంపెనీ చూపిందే చూస్తాడు. మిత్రులారా, ఏప్రిల్ రాకముందే మీ వూరి గ్రంథాలయానికి వెళ్లండి. ఏం చూపించబోతున్నారో, దాని పక్కన ఏ పుస్తకాలు పెట్టబోతున్నారో అడగండి. ఏమీ లేదంటే, జాబితా మీరే రాసి ఇవ్వండి.