వేళ్ళు తెగినా ఆగని గిటార్



పోయిన సెలవు రోజు మా రూములో చిన్న గొడవ. పై బెడ్ తమ్ముడు షీట్ మెటల్ వర్క్‌షాపులో హెల్పర్. ఫోన్లో ఏదో ఇంగ్లీషు పాట గట్టిగా పెట్టాడు. "ఏందిరా ఈ మోత, నిద్ర పట్టనిస్తలేవు" అని కింద బెడ్ పెద్దాయన కసిరాడు. "పాట సంగతి తర్వాత, వాయించేటాయన సంగతి విను బాబాయ్" అన్నాడు తమ్ముడు. విన్నాక పెద్దాయనే ఇంకోసారి పెట్టమన్నాడు. ఆ సంగతే ఈ వారం ముచ్చట.

ఆ పాట బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండుది. 1968లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో మొదలైంది. పాట 2013 ఏప్రిల్‌లో వచ్చింది. పేరు 'గాడ్ ఈజ్ డెడ్?'. పేరు చూసి కోపం తెచ్చుకోవద్దు, చివర ప్రశ్న గుర్తుంది. పాట ముగిసేసరికి పాడేవాడు ఆ మాట నమ్మనంటాడు. దాదాపు 9 నిమిషాల పాట. నిండు బండి గట్టెక్కుతున్నట్టు మెల్లగా, బరువుగా సాగుతుంది. ఈ రకం సంగీతాన్ని డూమ్ మెటల్ అంటారు.

ఈ బరువు ఎక్కడిది? ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. గిటార్ వాయించే టోనీ అయోమీ 17 ఏళ్ళప్పుడు షీట్ మెటల్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసేవాడు. అది అక్కడ అతని ఆఖరి రోజు. ప్రెస్ మెషిన్ మనిషి ఆ రోజు రాలేదు, ఇతన్ని కూర్చోబెట్టారు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కే చేయి అదే. ఇక వాయించలేవన్నారు. అప్పుడు ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అందులో వాయించిన జాంగో రైన్‌హార్ట్‌కు కూడా రెండు వేళ్ళు పనిచేయవు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. సన్న తీగలు వేశాడు, తర్వాత వాటిని వదులు చేశాడు. శబ్దం కిందికి దిగి బరువెక్కింది.

మిగతావాళ్ళూ మనలాంటివాళ్ళే. పాడిన ఆజీ ఆస్బర్న్ కబేళాలో పనిచేశాడు. పాటలు రాసే గీజర్ బట్లర్ మాలాగే లెక్కల గుమాస్తా.

2012లో అయోమీకి క్యాన్సర్ అని తేలింది. చికిత్స మధ్యలోనే ఈ పాట ఉన్న ఆల్బమ్ పూర్తి చేశాడు. 2014 జనవరిలో ఈ పాటకు గ్రామీ అవార్డు వచ్చింది. 2025 జులై 5న సొంత ఊరిలో నలుగురూ ఆఖరిసారి కలిసి వాయించారు. అదే నెల 22న ఆజీ కన్నుమూశాడు.

ఇదంతా విని పెద్దాయన తమ్ముణ్ణి ఒకటే అడిగాడు: "నిన్ను ప్రెస్ మీద ఎప్పుడన్నా కూర్చోబెట్టిన్రా?" తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. "మొన్ననే. ఆపరేటర్ రాలేదు" అన్నాడు.

సోదరులారా, అయోమీ కథ విని వేళ్ళు పోతే అదృష్టం వస్తుందనుకోకండి. అలా పోగొట్టుకున్న వాళ్ళలో గిటార్ పట్టినవాడు ఒక్కడు, కూడు పోయినవాళ్ళు లెక్కలేనంతమంది. రాని మెషిన్ మీద కూర్చోమంటే "నాకు ట్రైనింగ్ లేదు, ముందు నేర్పించండి సార్" అనండి. గార్డు తీసేసి పనిచేయకండి. ఒకవేళ దెబ్బ తగిలితే దాచకండి, అదే రోజు రాయించండి. 2022 నుంచి అమల్లో ఉన్న ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం పనిలో గాయానికి వైద్యం ఖర్చు కంపెనీదే. చికిత్స కాలంలో 6 నెలల దాకా పూర్తి జీతం ఇవ్వాలి.

తమ్ముడు మరుసటి రోజు ఆ మాట అన్నాడు. ఫోర్‌మన్ గొణిగాడు గానీ వేరే పని ఇచ్చాడు. సాయంత్రం రూములో మళ్ళీ అదే మోత. ఈసారి ఎవరూ కసరలేదు.

పది వేళ్ళతో ఇంటికి పోదాం. వచ్చే వారం కలుద్దాం.