బాలింత ఓర్పుకూ హద్దుంది



పెద్దాపరేషన్‌తో కాన్పయిన మనవరాలికి నొప్పికని ఇచ్చిన మాత్ర మత్తుమందు జాతిదని తెలిసి మాన్పించానని ఒక పెద్దావిడ రాశారు. "పాలలో కలిసి పసిగుడ్డుకు చేరితే? నాలుగు రోజులు ఓర్చుకుంటే పోతుంది కదా?" అని ఆమె ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21 కాన్పులు, తమిళనాడులో 45, తెలంగాణలో 61 దాకా ఆపరేషన్ కాన్పులే. కనుక ఈ సంగతి అన్ని ఇళ్లలోనూ తెలియాలి.

ఆవిడ భయం ఉత్తది కాదు. పిల్లలు నిద్రపోవాలని ఆవగింజంత నల్లమందు నాకించే అలవాటు మన దేశంలో చాలాచోట్ల ఉండేది. అది ప్రాణాల మీదికి తెచ్చేది కూడా. మార్ఫిన్, కోడీన్ ఆ నల్లమందులో ఉండేవే. ట్రమడాల్ ప్రయోగశాలలో పుట్టిన వాటి చుట్టం. కొందరి శరీరం పుట్టుకతో వచ్చిన గుణం వల్ల కోడీన్‌నూ ట్రమడాల్‌నూ అతివేగంగా ఘాటైన రూపంలోకి మారుస్తుంది. అది పాలలోకి ఎక్కువగా దిగవచ్చు. అందుకే పాలిచ్చే తల్లులకు ఆ రెండూ వద్దని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మన ప్రభుత్వమూ 2018లో ట్రమడాల్‌ను మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది.

అయితే ఓర్చుకోవడమే మార్గమా? ముప్పై ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని, కాదనే అంటాను. పొట్ట, గర్భసంచి కోసి కుట్టిన మనిషి నొప్పికి భయపడి కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గట్టిగా దగ్గలేక కఫం నిలుస్తుంది. బిడ్డను ఒళ్లోకి తీసుకోలేక పాలు పట్టడమూ కష్టమవుతుంది.

పారసిటమాల్, దానికి తోడు ఐబుప్రొఫేన్ లేదా డైక్లోఫెనాక్ వంటిది, పాలిచ్చే తల్లికి మొదటి మెట్టు. నొప్పి ముదిరాక కాకుండా, డాక్టరు చెప్పిన వేళకు గడియారం చూసి వేయాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లో కాస్త మార్ఫిన్ కలిపితే దాదాపు ఒక రోజు హాయిగా ఉంటుంది, దురద, వాంతులు రావచ్చు. వీటికి లొంగని నొప్పికే మత్తుజాతి మందు. అదీ తక్కువ మోతాదులో, కొద్ది రోజులే. "పాలిస్తోంది, ఇది ఏ మందు, ఎన్నాళ్లు?" అని మొహమాటం లేకుండా అడగండి. ఆ మందు వాడుతుండగా బిడ్డ మరీ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, ఒళ్లు వేలాడేసినా, ఊపిరికి ఇబ్బంది పడినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లి లేపినా లేవనంత మత్తుగా ఉన్నా అంతే. మిగిలిన మాత్రలు దాచవద్దు, ఇంకొకరికి ఇవ్వవద్దు.

ఈ మందులతో మలబద్ధకం చేస్తుంది. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం కూడా తోడైతే, కుట్లు పచ్చిగా ఉండగా ముక్కవలసి వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు దాహం తీరేలా ఇవ్వండి.

మనలాంటి వాళ్లకు ఇంకో చిక్కుంది. మా బరంపురంలో కాన్పుకు తోడుగా ఆంధ్రా నుంచి వచ్చిన తల్లికి తెలుగే వచ్చు, డ్యూటీలో ఉన్న నర్సుకు ఒడియా. మనకు మంట వేరు, పోటు వేరు, సలుపు వేరు. పరాయి భాషలో అవన్నీ ఒక్క తల ఊపుడులో కలిసిపోతాయి. అందుకని అమ్మాయికి వేళ్లతో చెప్పడం నేర్పండి: నొప్పే లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. పడుకుంటే మూడు, లేస్తే ఏడు అని చూపిస్తే ఏ ఊరి నర్సమ్మకైనా అర్థమవుతుంది. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, కుట్లు చీము పట్టినా, పిక్క వాచినా అది మాత్రతో అణచవలసిన నొప్పి కాదు, డాక్టరుకు చూపించవలసినది.

పెద్దావిడకు నా మనవి ఒక్కటే. మాత్ర మీ అంతట మీరు మాన్పించవద్దు. చీటీ పట్టుకుని రేపే డాక్టరు దగ్గరకు వెళ్లి, దాని బదులు ఏది వేయాలో అడగండి.