ఓటీజీలో 350 లేదు!

అమెరికా వాళ్ల కుకీ రెసిపీ ఏది తెరిచినా మొదట్లోనే ఒక మాట ఉంటుంది: ఓవెన్‌ని 350 డిగ్రీలకు వేడి చేసి పెట్టుకోండి. కొన్నిట్లో 375. ఇప్పుడు లేచి మీ వంటింట్లో ఉన్న ఓటీజీ నాబ్ చూడండి. 250 దగ్గర ఆగిపోతుంది. మరి మిగతా వంద డిగ్రీలు ఎక్కణ్నుంచి తేవాలి?

ఎక్కణ్నుంచీ తేనక్కర్లేదు. వాళ్లది ఫారెన్‌హీట్, మనది సెల్సియస్. వాళ్ల 350 అంటే మన 177. వాళ్ల 375 అంటే మన 190. స్కూల్లో చదువుకున్నదే. కానీ చేతులకు మైదా అంటుకుని, ఫోన్ స్క్రీన్ మాటిమాటికీ ఆరిపోతుంటే ఆ సూత్రం ఎవరికి గుర్తొస్తుంది? పైగా చాలా రెసిపీల్లో ‘ఫారెన్‌హీట్’ అన్న మాటే కనపడదు. ప్రపంచంలో ఇంకో రకం డిగ్రీ ఉందన్న ఆలోచన రాసినవాళ్లకు రాదు.

అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉండే మా అక్క (పెద్దనాన్న కూతురు) నాబ్‌ని చివరిదాకా తిప్పేసింది. “350 లేదు గదా, ఉన్నదాంట్ల ఎక్కువ పెట్టిన” అంది. అంటే 250 సెల్సియస్. ఫారెన్‌హీట్‌లో చెప్పాలంటే 482. పది నిమిషాలకు పైన బొగ్గు, లోపల పచ్చి పిండి.

అక్క రెండేళ్లుగా ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతోంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, చుట్టుపక్కల కాలేజీ హాస్టళ్లలో పిల్లల పుట్టినరోజులు, ఇవే ఆమె మార్కెట్. ఈమధ్య హయత్‌నగర్‌లో ఒక గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టుగా 2 కిలోల చాక్లెట్ చిప్ కుకీలు అడిగారు. ఆమెకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డర్. అడ్వాన్స్ తీసుకుంది, ఆ డబ్బుతోనే సరుకులు కొంది. ఒక అమెరికా వీడియో చూసి రెసిపీ రాసుకుంది. మూడు రోజుల్లో మూడు ట్రేలు చెత్తబుట్టలో పడ్డాయి. మొదటిది మాడింది. రెండోది ట్రే అంతా కారిపోయి ఒకటే పెద్ద దోశ అయింది. మూడోది నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు.

“నాతోని కాదు తమ్మీ. ఇంటర్ చదివినదాన్ని, ఇంగ్లిష్‌ల ఉన్నయి నాకెట్ల సమజైతయ్? అడ్వాన్స్ వాపస్ ఇచ్చేస్త” అంది ఫోన్‌లో.

ఓటీజీ కొనకముందు, అడుగున ఇసుక పోసి, గ్యాస్కెట్ తీసేసిన కుక్కర్‌లో కేకు పొంగించిన మనిషి ఈమె. ఆమెకు చేతకాకపోవడమేంటి? అసలు సంగతేంటంటే, ఆ రెసిపీ తనకు కావాల్సిన సగం సమాచారాన్ని అమెరికాలోనే వదిలేసి వచ్చింది.

మా ఫీల్డులో ఇది రోజూ చూసేదే. కోడ్ రాసినవాడి ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది, సర్వర్ ఎక్కగానే కూలబడుతుంది. వాడి మెషీన్‌లో ముందే ఉన్నవేవో వాడు రాసి ఉండడు. ఇది నాసాకే తప్పలేదు. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా వెళ్లి నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలు ఇస్తే, ఇంకోటి వాటిని న్యూటన్ల లెక్క అనుకుంది. అంకె పక్కన యూనిట్ చూసుకోకపోతే అంతరిక్ష నౌకే పోయింది. ఇక కుకీ ఎంత?

అందుకే ఆ వారం మా డీబగ్గింగ్ వంటింట్లో నడిచింది. ఏ ట్రే ఎందుకు పోయిందో ఒక్కొక్కటే చూద్దాం.

కప్పు అంటే ఏ కప్పు?

అమెరికా రెసిపీలో కప్పు అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో 250. మన ఇంట్లో టీ కప్పు 150 దగ్గర ఉంటుంది. “అన్నీ అదే కప్పుతో కొలిచిన గదా, పాళ్లు తప్పవు” అంది అక్క. పాయింటే. మైదా, పంచదార మధ్య పాళ్లు నిజంగానే తప్పవు. కానీ గుడ్డుకు కప్పు లేదు. వెన్నను వాళ్లు కప్పుతో కాకుండా ‘స్టిక్’తో చెప్తారు.

లెక్క చూడండి. రెసిపీ అడిగింది రెండుంపావు కప్పుల మైదా, అంటే సుమారు 280 గ్రాములు. మన టీ కప్పుతో కొలిస్తే పడేది 175 గ్రాములు. కానీ గుడ్లు మాత్రం రెండూ పడ్డాయి, వెన్న కూడా దాదాపు మొత్తం పడింది. మైదా మూడో వంతుకు పైగా తగ్గిపోతే ఆ పిండి కుకీలా నిలబడుతుందా? దోశలా పరుచుకోక ఏం చేస్తుంది!

కప్పు సరైనదే దొరికినా గొడవ తీరదు. డబ్బాలో ముంచి అదిమి తీస్తే కప్పు మైదా 150 గ్రాముల దాకా తూగుతుంది. చెంచాతో వదులుగా పోసి పైన చదును చేస్తే 120. అమెరికాలో ఈ కప్పు, చెంచా కొలతల్ని చదునుగా కొలవాలని పట్టుబట్టింది ఫ్యానీ ఫార్మర్. 1896లో వచ్చిన ఆమె బోస్టన్ వంటల పుస్తకంతో అది ఊరూరా పాకింది. అప్పటికి అది పెద్ద సంస్కరణే. ఆ కప్పు ఉన్న ఇంట్లోనే పనిచేసే సంస్కరణ.

మనకూ సోల, తవ్వ, మానిక ఉండేవి. ఊరు మారితే అవీ మారేవి. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చాక కిలోలు, లీటర్లకు మారాం. అమెరికా వంటింట్లో మాత్రం కప్పు ఇంకా దిగలేదు.

ఉప్పు మీద ఉప్పు

స్టిక్ అంటే 113 గ్రాముల వెన్న కడ్డీ. దాని రేపర్ మీద టేబుల్ స్పూన్ల గీతలు కూడా ఉంటాయి, కోసుకోవడానికి. మన దగ్గర ప్యాకెట్ 100 గ్రాములు. రెండు స్టిక్‌లకు రెండు ప్యాకెట్లు వేస్తే 26 గ్రాములు తక్కువ. అదేం కొంప ముంచదు. ముంచేది ఉప్పు.

వాళ్లు బేకింగ్‌కు వాడేది మామూలుగా ఉప్పు లేని వెన్న. మన ఫ్రిజ్‌లో ఉండే టేబుల్ బటర్‌లో సుమారు 2 శాతం ఉప్పు ఉంటుంది. రెండు స్టిక్‌ల వెన్నలో ముప్పావు చెంచా ఉప్పు ముందే ఉందన్నమాట. దానిపైన రెసిపీ చెప్పిన చెంచా ఉప్పు. ఇంకో మెలిక ఏంటంటే, అమెరికా వీడియోల్లో చాలామంది వేసేది కోషర్ సాల్ట్. పెద్ద పలుకులుగా, మధ్యలో ఖాళీలతో ఉంటుంది. దాంట్లో కొన్ని బ్రాండ్లు చెంచాకు 3 గ్రాములే తూగుతాయి. మన మెత్తటి ఉప్పు అదే చెంచాకు 6 గ్రాములు. అక్క ఆ వీడియోలో చూసినట్టే చేసింది. ఉప్పు మాత్రం మూడింతలకు పైగా పడింది.

ఇక్కడే సోడా సంగతి కూడా చెప్పేస్తా. బేకింగ్ సోడా అంటే మన వంట సోడా. బేకింగ్ పౌడర్ అంటే ఆ సోడాకే పులుపు పదార్థం, పిండి కలిపింది. బలం మూడో వంతే ఉంటుంది. పౌడర్ అడిగిన చోట అంతే సోడా వేస్తే సబ్బు తిన్నట్టుంటుంది.

రూమ్ టెంపరేచర్, ఎవరి రూమ్‌లో?

“వెన్నను రూమ్ టెంపరేచర్‌కు తెచ్చుకోండి” అంటారు. వాళ్ల మనసులో ఉన్న గది 20 డిగ్రీలు. వేలితో నొక్కితే గుంట పడాలి, అంతేగానీ కరగకూడదు. మే నెలలో మన దగ్గర బయట 40 దాటుతుంది. వెన్న 35 లోపే కరిగిపోతుంది. అక్క గంట ముందు బయట పెట్టిన వెన్న నెయ్యి గిన్నెలా తయారైంది. వెన్నా పంచదారా గిలక్కొట్టేది మధ్యలో గాలి పట్టుకోవడానికి. కరిగిన వెన్న గాలిని పట్టుకోదు. దోశ అవ్వడానికి ఇది రెండో కారణం.

మందు సులువే. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్నను ముక్కలు కోసి, ఐదు పది నిమిషాల్లో పని కానిచ్చేయాలి. ఉండలు చేశాక ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి.

పంచదారకూ ఇదే కథ. మన కిరాణా పంచదార పలుకులు లావు, వాళ్లవి సన్నం. మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపండి, పొడి చేయొద్దు. బ్రౌన్ షుగర్ అంటే వాళ్లకు తడితడిగా, అదిమితే ముద్దయ్యేది. మన దగ్గర ఆ పేరుతో అమ్మే చాలా ప్యాకెట్లలో పొడిపొడి పలుకులు ఉంటాయి. దానికన్నా బెల్లం పొడి నయం. రుచి కొంచెం మారుతుంది, నాకైతే ఇదే నచ్చింది.

హైదరాబాద్ ఎత్తులో ఉంది కాబట్టి కుకీలు పాడవుతాయని కూడా ఎవరో అన్నారట. మనం సముద్రమట్టానికి 540 మీటర్ల దగ్గర ఉన్నాం. ఎత్తు లెక్కలు మార్చుకోవాల్సింది 1600 మీటర్ల మీదున్న డెన్వర్ లాంటి చోట. దక్కన్ పీఠభూమిని వదిలేయండి పాపం.

అమెరికా నుంచి వచ్చేవాళ్లను బీటర్, చిన్న ఓవెన్ తెమ్మనేవాళ్లకు ఒక మాట. వాళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి హీటర్ కాయిల్‌ను ఇక్కడ నేరుగా ప్లగ్‌లో పెడితే మూడున్నర రెట్లకు పైగా పవర్ లాగుతుంది. కుకీ సంగతి తర్వాత, ముందు ఇల్లు కాపాడుకోండి.

ఇంతకీ ఈ కుకీ ఎవరిది?

మసాచుసెట్స్ రాష్ట్రంలో విట్‌మన్ అనే ఊళ్లో టోల్ హౌస్ ఇన్ నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్‌ది. 1930లలో పుట్టింది. చాక్లెట్ పొరపాటున పిండిలో పడి కుకీ తయారైందని కథ చెప్తారు గానీ, ఆవిడ వంటశాస్త్రం చదివి, రెసిపీలు కొలిచి పరీక్షించి పుస్తకం వేసిన మనిషి. ఆ రెసిపీని నెస్లే తన చాక్లెట్ ప్యాకెట్ మీద అచ్చేసింది. అలా ఇంటింటికీ చేరింది. 1997లో మసాచుసెట్స్ దాన్ని తమ రాష్ట్ర కుకీగా ప్రకటించింది. ఆ ప్యాకెట్ కొన్న ఇంట్లో అదే కప్పు, అదే స్టిక్, అదే ఫారెన్‌హీట్ నాబ్ ఉండేవి. అక్కడ రెసిపీలో యూనిట్లు రాయనక్కర్లేదు.

అబ్దుల్లాపూర్‌మెట్‌లో రాయాలి. అందుకే ఒక చిన్న డిజిటల్ కాటా కొన్నాం, అన్నీ గ్రాముల్లోకి మార్చాం. సగం కొలతకు లెక్క ఇది: మైదా 140 గ్రాములు, వంట సోడా అర చెంచా, ఉప్పున్న వెన్న 115 (వేరే ఉప్పు వద్దు), పంచదార 75, బెల్లం పొడి 80, ఒక గుడ్డు, వెనిల్లా అర చెంచా, చాక్లెట్ ముక్కలు 150. 30 గ్రాముల ఉండలు చేస్తే 20 దాకా వస్తాయి. ఓటీజీని 15 నిమిషాలు ముందే వేడి చేసి, 175 దగ్గర 11, 12 నిమిషాలు. చిన్న ఓటీజీలో ట్రే రాడ్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి మధ్య అరలోనే పెట్టండి. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. మెత్తగా ఉన్నాయని ఇంకో ఐదు నిమిషాలు ఉంచారో, పళ్ల డాక్టర్ నంబర్ కూడా వెతుక్కోవాలి.

నాలుగో ట్రే నిలబడింది. గృహప్రవేశానికి 2 కిలోలు టైమ్‌కే వెళ్లాయి. పారేసిన సరుకుతో కలిపి లెక్కేస్తే ఆ ఆర్డర్‌లో అక్కకు మిగిలింది పెద్దగా లేదు. కానీ ఒక నోట్‌బుక్ మిగిలింది. ప్రతి రెసిపీ తెలుగులో, గ్రాముల్లో, సెల్సియస్‌లో, తన ఓటీజీకి సరిపడా రాసుకుంటోంది. “ఇంగ్లిష్ రాకపాయె” అన్న మాట మళ్లీ వినలేదు.

ఈ రోగం అమెరికా వాళ్లకే ఉందనుకోకండి. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి అమ్మ ఫోన్‌లో చెప్పే పప్పు గుర్తు తెచ్చుకోండి: ఒక గ్లాసు పప్పు, చిన్న ఉసిరికాయంత చింతపండు, సరిపడా ఉప్పు, నాలుగు విజిల్స్. ఏ గ్లాసు? వాడు ఉసిరికాయ చూసి ఎన్నేళ్లయింది? వాడి దగ్గరున్న ఇన్‌స్టంట్ పాట్ అసలు విజిలే వేయదు. ‘రాత్రంతా బయట పెట్టు, పొద్దుటికి దోశపిండి పులుస్తుంది’ అన్న మాట చికాగో చలికాలంలో పనిచేయదు. అక్కడ మనవాళ్లు గిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు మాత్రం వేసి పులియబెట్టుకుంటున్నారు. వాళ్లలో ఎంతమంది “నాకు వంట రాదు” అనుకుని ఊరుకున్నారో!

కాబట్టి ఈ ఆదివారం చిన్న పని. అమ్మ వంట చేస్తుంటే పక్కన కాటా పెట్టండి. ఆవిడ గుప్పెడును, చిటికెడును గిన్నెలో పడేలోపు ఒక్కసారి తూచి ఫోన్‌లో రాసుకోండి. విసుక్కుంటుంది, “ఇదేం పిచ్చిరా” అంటుంది. అననివ్వండి. ఆ అంకెలు ఇంకెక్కడా దొరకవు.